దొంగ ఓడల జాడ తీస్తున్న సముద్ర పక్షులు

వేట ముగించుకుని రేవుకు తిరిగివచ్చే మరపడవ వెనుక పక్షులు గుంపుగా ఎగిరిరావడం కోస్తా జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. వలలోంచి జారిన చేప, కళాసీలు పారవేసిన పనికిరాని చేప... వాటికి ఆ పూట పండుగే. పక్షులు వాలిన చోట చేప ఉంటుందని జాలరులకు తెలుసు. పడవ ఉన్న చోట తిండి ఉంటుందని పక్షులకూ తెలుసు. ఒకరిని చూసి ఒకరు బతకడం తరతరాలుగా సాగుతున్నదే.

ఈ చుట్టరికం ఇక్కడికి ఏడు వేల కిలోమీటర్లకు పైగా దక్షిణాన, హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, పక్షుల ప్రాణం మీదికి వచ్చింది. పడవల వెంటపడి గాలాలకు చిక్కి చచ్చిపోతున్న ఆ పక్షులే ఇప్పుడు మరో పని కూడా చేస్తున్నాయి. ఎవరికీ కనపడకుండా సముద్రంలో తిరుగుతున్న ఓడల గుట్టు బయటపెడుతున్నాయి. వాటి వీపున ఉన్న 65 గ్రాముల పరికరం, అంటే సుమారు అయిదున్నర తులాల బరువు, ఈ పని చేయిస్తున్నది.

ఆ పక్షి పేరు ఆల్బట్రాస్. అందులోనూ వాండరింగ్ ఆల్బట్రాస్ అనే జాతి. ఇది మన తీరానికి వచ్చే పక్షి కాదు. రెక్కలు చాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి 3.5 మీటర్ల దాకా ఉంటుంది. రెండు నులక మంచాలు పొడుగునా వేస్తే ఎంతో ఇంచుమించు అంత. ప్రపంచంలో ఇంత పొడవు రెక్కలున్న పక్షి మరొకటి లేదు. రెక్క ఆడించకుండానే గాలివాటున గంటల తరబడి తేలిపోతుంది. దక్షిణ సముద్రాల్లో గాలి ఎప్పుడూ హోరుమంటూనే ఉంటుంది కాబట్టి దానికి అక్కడే సుఖం.

దీని సంసారం మాత్రం చాలా నిదానం. రెండేళ్లకు ఒకసారి ఒకే ఒక్క గుడ్డు. పొదగడానికి రెండున్నర నెలలు. పిల్ల ఎగిరిపోయేసరికి మరో తొమ్మిది నెలలు. ఆ పిల్ల పెద్దదై గూడు కట్టడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఏ ఆపదా రాకపోతే యాభై ఏళ్లకు పైగా బతుకుతుంది. తల్లి గూటిలో ఉంటే తండ్రి వేటకు, తండ్రి ఉంటే తల్లి వేటకు వంతులవారీగా పోతాయి. ఒక్కోసారి ఆ వేటకు వెళ్లిన పక్షి గూటికి 2500 కిలోమీటర్ల దూరం పోయి వస్తుంది. వెళ్లింది తిరిగి రాకపోతే గూటిలో ఉన్నది ఆకలికి తట్టుకున్నంత కాలం గుడ్డు మీద కూర్చుని, చివరికి విధిలేక లేచిపోతుంది. ఒక పక్షి చస్తే ఆ ఏటి పిల్ల కూడా పోయినట్టే.

గాలాల తాడు

చంపుతున్నది వల కాదు, గాలం. ట్యూనా కోసం, మన తీరంలో సూర అంటారు, పెద్ద పెద్ద ఓడలు సముద్రంలోకి పొడవాటి తాడు వదులుతాయి. ఆ తాడు కొన్ని సందర్భాల్లో వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. దానికి వేల గాలాలు, గాలం గాలానికి ఎర. ఓడ ముందుకు పోతుంటే వెనుక నుంచి తాడు జారుతుంది. ఎర నీళ్లలో మునగడానికి కొంత సమయం పడుతుంది కదా. ఆ కాస్త సమయంలోనే ఆల్బట్రాస్ వచ్చి ఎరను నోట కరుచుకుంటుంది. గాలం గొంతులో దిగుతుంది. తాడు బరువుకు పక్షి నీటి అడుక్కి పోయి ఊపిరాడక చస్తుంది.

ఈ విధంగా గాలాల ఓడల వల్ల ఏటా కనీసం 1,60,000 సముద్ర పక్షులు చస్తున్నాయని 2011లో వెలువడిన ఒక అంచనా. ఆ సంఖ్య 3,20,000 కూడా దాటవచ్చునని అందులోనే చెప్పారు. లోకంలో ఉన్న 22 రకాల ఆల్బట్రాస్‌లలో ఎక్కువ జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. వీటన్నిటికీ గాలం ఒక్కటే కారణం కాదు. దీవుల్లోకి ఓడలతో వచ్చి చేరిన ఎలుకలు, పిల్లులు కూడా గుడ్లనూ పిల్లలనూ తిని చాలా నష్టం చేశాయి. కాని నడి సముద్రంలో జరిగే చావును ఎవరూ చూడరు. చూసినవాళ్లు చెప్పరు.

వాండరింగ్ ఆల్బట్రాస్‌లలో మరో చిక్కు ఉంది. మగ పక్షులు ఎక్కువగా దక్షిణానికి, చలి నీళ్ల వైపు పోతాయి. ఆడ పక్షులు ఉత్తరానికి, కాస్త వెచ్చని నీళ్ల వైపు వస్తాయి. ట్యూనా ఓడలు తిరిగేది ఆ వెచ్చని నీళ్లలోనే. అందుచేత క్రోజే దీవుల్లో గాలాలకు ఆడ పక్షులే ఎక్కువగా బలయ్యాయి. జంట దొరకని మగ పక్షులు మిగిలాయి.

నివారణకు మార్గాలు లేక కాదు. తాడు రాత్రిపూట వదలడం ఒకటి. తాడుకు బరువులు కట్టి ఎర త్వరగా మునిగేటట్టు చేయడం మరొకటి. మూడోది మన రైతులకు బాగా తెలిసిన ఉపాయమే: జొన్నచేలో పిట్టలు వాలకుండా పీలికలు కట్టినట్టు, ఓడ వెనుక ఒక తాడుకు రంగురంగుల పీలికలు వేలాడదీయడం. గాలికి పీలికలు అల్లాడుతుంటే పక్షులు ఎర దగ్గరికి రావు. ఇది మొదట జపాను ట్యూనా జాలరులు కనిపెట్టినదే కావడం గమనార్హం. అట్లాంటిక్ దక్షిణాన ఉన్న సౌత్ జార్జియా దీవి దగ్గర ఈ మూడింటితో పాటు వేటకు కాలం నిర్ణయించి కచ్చితంగా అమలు జరిపాక, 1990 దశకంలో ఏడాదికి వేలల్లో ఉన్న పక్షుల చావు దాదాపు సున్నాకు వచ్చింది.

అంటే నియమం పాటించిన చోట పక్షి బతుకుతోంది. పాటిస్తున్నారో లేదో చూసేవాడు నడి సముద్రంలో ఎవడు? అసలు ఏ ఓడ ఏ నీళ్లలో ఉందో తెలిస్తే కదా!

ఓడ జాడ తెలిసేది ఎలా?

ఓడలు తమ పేరు, ఉన్న చోటు, వేగం, పోతున్న దిక్కు రేడియో ద్వారా ఎప్పటికప్పుడు చాటుకునే పరికరం ఒకటి ఉంది. దాన్ని ఏఐఎస్ అంటారు. ఓడలు ఒకదానికొకటి ఢీకొనకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటు ఇది. దేశాంతరం పోయే 300 టన్నుల పైబడిన ఓడలన్నీ దీన్ని పెట్టుకోవాలని అంతర్జాతీయ నియమం. 2004 డిసెంబరు 31 నాటికి ఇది పూర్తిగా అమలులోకి వచ్చింది. చేపల ఓడలకు ఆ అంతర్జాతీయ నియమం వర్తించదు. ఆయా దేశాలు విడిగా నిబంధనలు పెట్టుకున్నాయి. మన దేశంలో 20 మీటర్లు దాటిన చేపల ఓడలకు ఏఐఎస్ ఉండాలి.

ఈ సంకేతాలను తీరంలోని కేంద్రాలే కాదు, ఆకాశంలోని ఉపగ్రహాలు కూడా అందుకుంటాయి. ఇలా పోగైన సంకేతాలు 2012 నుంచి 2016 వరకు 2200 కోట్లు. వాటిని కంప్యూటర్లతో జల్లెడ పట్టి 70,000కు పైగా చేపల ఓడలు ఎక్కడెక్కడ వేటాడుతున్నదీ 2018లో ఒక పటం తయారుచేశారు. ఓడ నడక చూసి అది దారిన పోతున్నదా, తాడు వదులుతున్నదా, వల లాగుతున్నదా అనేది కూడా యంత్రమే చెబుతుంది. వదిలేటప్పుడు ఒక తీరు, తిరిగి లాగేటప్పుడు మరో తీరు నడక కాబట్టి సాధ్యమైంది. తాడు రాత్రి వదిలారా, పగలు వదిలారా అనేది కూడా ఇలాగే తెలుస్తున్నది.

సముద్ర పక్షుల శాస్త్రజ్ఞులకు ఇది వరమైంది. పూర్వం వాళ్లు చేసేదల్లా ఒక పటం మీద పక్షులు తిరిగే ప్రాంతం, మరో పటం మీద చేపల వేట సాగే ప్రాంతం గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడడం. వేట లెక్కలు అయిదేసి డిగ్రీల చదరాల్లో ఉండేవి. అంటే చదరం ఉత్తర దక్షిణాలుగా అయిదు వందల కిలోమీటర్లకు పైమాట. ఇద్దరు ఒకే జిల్లాలో ఉన్నంత మాత్రాన వాళ్లు కలుసుకున్నారని చెప్పగలమా? పక్షి, ఓడ ఒకే చదరంలో ఉండడం వేరు, పక్షి ఓడను చూసి దారి మళ్లడం వేరు, దాని వెనుక గంటల తరబడి తిరగడం వేరు. ప్రాణాపాయం ఆ చివరిదాంట్లోనే ఉంది.

ఇప్పుడు పక్షి జాడ గంట గంటకూ తెలుస్తున్నది, ఓడ జాడ గంట గంటకూ తెలుస్తున్నది. రెంటినీ పక్కపక్కన పెడితే అసలు కథ బయటపడుతున్నది. ఫ్రాన్సుకు చెందిన క్రోజే, కెర్గెలెన్ దీవుల చుట్టూ అనుమతితో వేటాడే ఫ్రెంచి ఓడల జాడతో ఆల్బట్రాస్‌ల జాడను పోల్చి చూడగా, ఓడ 30 కిలోమీటర్ల దూరంలో ఉండగానే పక్షి దాన్ని పసిగట్టి అటు తిరుగుతున్నట్టు 2015లో తేలింది. పక్షి కంటికి చూపు ఆనే హద్దు అది. భీమిలి ఒడ్డున నిలబడి విశాఖ రేవులో పడవను చూడడంలాంటిది.

ఉత్తర పసిఫిక్‌లో మూడు రకాల ఆల్బట్రాస్‌ల మీద ఇదే పద్ధతిలో జరిగిన పరిశీలన 2021లో వెలువడింది. ఆ మూడింటిలో ఒకటైన షార్ట్ టెయిల్డ్ ఆల్బట్రాస్ ఈకల వ్యాపారుల చేతిలో పూర్తిగా అంతరించిపోయిందని 1949లో ప్రకటించారు. 1951లో జపాను దగ్గర తోరిషిమా అనే దీవిలో కొద్ది పక్షులు మళ్లీ కనపడ్డాయి. ఆ కొద్ది పక్షుల నుంచే తిరిగి పెరిగిన జాతి కాబట్టి, ఒక్క పక్షి గాలానికి చిక్కినా అక్కడ పెద్ద వార్తే.

ఆర్పేస్తే?

ఈ పద్ధతిలో ఒక పెద్ద లొసుగు ఉంది. ఏఐఎస్‌ను ఓడవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేసుకోవచ్చు. మీట నొక్కితే చాలు, ఓడ పటం మీద నుంచి మాయం. 2017 నుంచి 2019 వరకు చేపల ఓడలు కావాలని ఆపేసినట్టు అనుమానించదగ్గ సందర్భాలు 55,000కు పైగా ఉన్నట్టు 2022లో లెక్క తేల్చారు. ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూసిన మరో పరిశీలన 2024లో వెలువడింది. ప్రపంచంలోని పెద్ద చేపల ఓడల్లో నూటికి 72 నుంచి 76 వంతులు ఏఐఎస్ వంటి బహిరంగ జాడల్లో కనపడడం లేదని అందులో తేలింది.

ఆపిన ప్రతి ఓడా దొంగ ఓడే అనడానికి లేదు. చేప దొరికే చోటు పక్క ఓడవాడికి తెలియకూడదని ఆపేవాళ్లున్నారు. సముద్రపు దొంగల భయంతో ఆపేవాళ్లున్నారు. అయితే పరాయి దేశపు నీళ్లలో చొరబడి వేటాడేవాడు మాత్రం తప్పకుండా ఆపుతాడు. పక్షులను కాపాడే నియమాలను వాడు పాటిస్తాడని ఆశించడం అత్యాశే.

ఇక్కడే ఫ్రాన్సు జాతీయ శాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన ఆన్రి వైమెర్స్‌కిర్ష్, ఆయన సహచరులు ఒక ఉపాయం పన్నారు. ఓడ ఏఐఎస్ ఆపగలదు గాని రాడార్ ఆపలేదు. రాత్రి చీకట్లో, పొగమంచులో, మంచుగడ్డలు తేలే నీళ్లలో ఎదుట ఏముందో చూపేది రాడారే. అది లేకపోతే గుడ్డివాడు బండి తోలినట్టే. అందుచేత రాడార్ తరంగాలను పసిగట్టే చిన్న పరికరం తయారుచేసి, పక్షి వీపున ఈకలకు అంటించారు. పక్షి ఎక్కడున్నదీ గుర్తించే జీపీఎస్, ఆ వార్తను ఉపగ్రహానికి పంపే యాంటెన్నా కూడా అందులోనే. తొమ్మిది పది కిలోల పక్షికి 65 గ్రాములంటే నూటికి ఒక వంతు కూడా కాదు.

మొదట క్రోజే దీవుల్లో ఇలాంటి పరికరాలతో ప్రయోగం జరిపారు. అక్కడి పక్షులు కోటి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న సముద్రం మీద తిరిగివచ్చాయి. వాటికి కట్టిన పరికరాల్లో నూటికి 79.5 వంతుల దాకా ఏదో ఒక ఓడ జాడ నమోదు చేశాయి. అంతటి ఖాళీ సముద్రంలో పక్షికీ ఓడకూ ఇన్నిసార్లు భేటీ కావడం శాస్త్రజ్ఞులనే ఆశ్చర్యపరచింది. ఈ ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి.

ఆ తరువాత పెద్ద ఎత్తున సాగింది అసలు పరిశీలన. 2018 చివర మొదలై ఆరు నెలలపాటు క్రోజే, కెర్గెలెన్, ఆమ్‌స్టర్‌డామ్ దీవుల నుంచి 169 ఆల్బట్రాస్‌లు పరికరాలు మోశాయి. ఈ దీవుల్లో స్థిరంగా నివసించే జనం లేరు. పరిశోధన కేంద్రాల సిబ్బంది వంతులవారీగా ఉండి పోతుంటారు. పక్షులు చుట్టివచ్చిన సముద్రం 4 కోట్ల 70 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశ విస్తీర్ణానికి ఇది పద్నాలుగు రెట్లు. అంతమేర గస్తీ తిరగడానికి ఎన్ని ఓడలు, ఎంత చమురు, ఎంత జీతాలు కావాలో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

పక్షి పరికరానికి రాడార్ తగలగానే ఆ చోటు ఉపగ్రహం ద్వారా కొద్ది గంటల్లో తెలిసింది. ఆ చోట ఆ వేళ ఏఐఎస్‌లో ఏ ఓడ ఉందని చూశారు. ఉంటే సరి. లేకపోతే అది దాక్కున్న ఓడ. ఈ విధంగా మొత్తం 353 ఓడల రాడార్ తగలగా, వాటిలో నూటికి 28 ఓడలు ఏఐఎస్‌లో లేవు. ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ జలాల్లో అయితే నూటికి 37 దాకా లేవు. దాక్కున్న ఓడలు ఎన్ని ఉంటాయో అంచనా వేయడానికి అంతకుముందు ఆధారమే లేదు. 2020 జనవరిలో ఈ వివరాలు వెలువడడంతో మొదటిసారిగా ఒక లెక్క దొరికింది.

పరికరాలు మోసిన వాటిలో ఆమ్‌స్టర్‌డామ్ ఆల్బట్రాస్‌లు కూడా ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి గుడ్లు పెట్టేది ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆ ఒక్క దీవిలోనే. ఏడాదికి పట్టుమని కొద్ది పదుల జంటలు. తమకు ఆపద తెచ్చిపెట్టే ఓడల జాడను అవే మోసుకొచ్చాయన్నమాట.

పక్షికి ఈ ఉద్యోగం ఎవరిచ్చారని అడిగితే జవాబు లేదు. అది పోలీసు పనికి పోవడం లేదు, తిండికి పోతోంది. చెప్పిన చోటికి పోదు, తనకు ఇష్టమైన చోటికే పోతుంది. ఆల్బట్రాస్ తిరగని సముద్రాల్లో, మన బంగాళాఖాతంతో సహా, ఈ కాపలా లేదు. పరికరం కట్టిన పక్షి కంటపడితే దొంగ ఓడవాడు తుపాకి ఎత్తడని హామీ ఏమిటన్న సందేహం కూడా రాక మానదు. మెచ్చుకోవలసింది ఏమంటే, పక్షి గూటికి ఎలాగూ తిరిగివస్తుంది కాబట్టి పరికరం విప్పి మరో పక్షికి కట్టుకోవచ్చు.

మన జాలరులకూ పట్టింపే

పడవ జాడ తెలియడం, తెలియకపోవడం ఎంతటి విషయమో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరి కుటుంబాలకు వేరే చెప్పనవసరం లేదు. బతుకుతెరువుకు గుజరాత్ వలసవెళ్లి అక్కడి పడవల మీద పనిచేస్తున్న ఈ ప్రాంతపు జాలరులు 2018 నవంబరులో పాకిస్తాన్ బలగాలకు పట్టుబడ్డారు. దక్షిణ దీవుల్లో పక్షులకు పరికరాలు కట్టే పని మొదలైన రోజులే అవి. నీటి మీద గీత కనపడదు.  పదమూడు నెలలకు పైగా జైల్లో మగ్గి 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు ఆ నెలలన్నీ ఎలా నెట్టుకొచ్చారన్నది వేరే కథ.

దేశంలోని 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు ఉపగ్రహంతో పనిచేసే ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రధాని ప్రారంభించారు. సరిహద్దు దగ్గరపడితే ఇది హెచ్చరిస్తుంది. తుపాను కబురు అందుతుంది. ఆపదలో ఉంటే పడవ నుంచి కబురు పంపవచ్చు. చేప ఎక్కడ ఉందో అందరికీ తెలిసిపోతుందేమోనని ఒక పక్క జంకు, నడి సముద్రంలో ఇంజను ఆగితే దిక్కెవరన్న భయం మరో పక్క. ఆ పెద్ద ఓడలవాళ్లు మీట ఆర్పేది లాభానికి. చిన్న పడవవాడికి ఆ మీట వెలుగుతూ ఉండడమే ధీమా.

అక్కడ దక్షిణ దీవుల్లో 2018, 19లో పరికరాలు మోసిన పక్షుల గూళ్లలో గుడ్లు 2019 మార్చి ప్రాంతంలో పగిలాయి. ఆ పిల్లలు ఆ ఏడు చివరికి ఎగిరిపోయాయి. నేల మొహం చూడకుండా కొన్నేళ్లు సముద్రం మీదే గడిపి, పుట్టిన దీవి వెతుక్కుంటూ వస్తాయి. తాళ్లనూ గాలాలనూ తప్పించుకుని వచ్చినవి అక్కడ మొదటి గుడ్డు పెట్టేసరికి 2029 అవుతుంది.